అమ్మ కువైట్‌లో, అమ్మాయి అబ్బా దగ్గర: 'బ్లాసమ్' సీరియల్ ఇల్లు మన చిత్తూరులోనూ ఉంది

అమెరికాలోని ఎన్‌బీసీ చానెల్‌లో 1991 జనవరి నుంచి 1995 మే దాకా 'బ్లాసమ్' అనే కామెడీ సీరియల్ వచ్చింది. వారానికి ఒకసారి, అరగంట. అందులో బ్లాసమ్ రూసో టీనేజ్ అమ్మాయి. ఆమెకు ఇద్దరు అన్నలు, సంగీతం వాయించి ఇల్లు నడిపే తండ్రి నిక్. అమ్మ చనిపోలేదు, పాటలు పాడి పైకి రావాలని పారిస్ వెళ్లిపోయింది. బ్లాసమ్‌గా వేసిన మయీమ్ బియాలిక్ తర్వాత 'ది బిగ్ బ్యాంగ్ థియరీ'లో ఎమీగా నటించింది. ఇంగ్లీషు సీరియళ్లు చూసే మన పిల్లలకు ఆ ముఖం తెలిసే ఉంటుంది.

ముప్పై ఏళ్ల కిందటి అమెరికా కామెడీతో మనకేం పని అంటారా? పాత చిత్తూరు జిల్లాలో మదనపల్లె, పీలేరు వైపు, పక్కన రాయచోటి వైపు ఒకసారి చూడండి. ఇంటిపని కోసం ఖాదిం వీసా మీద కువైట్ వెళ్లిన అమ్మలు ఎంతో మంది. ఇక్కడ అబ్బా, పిల్లలు. పారిస్ బదులు కువైట్, పాటల బదులు వంటపని. కథ మాత్రం అదే.

ఇందులో చాలామంది గమనించని లెక్క ఒకటి ఉంది. పదో తరగతి పాస్ కాని మహిళలకు ఇచ్చేది ఈసీఆర్ పాస్‌పోర్టు. దాని మీద కువైట్ లాంటి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే కనీసం 30 ఏళ్లు నిండాలని భారత ప్రభుత్వ నిబంధన. ఆడవాళ్ల రక్షణ కోసం పెట్టిందే, తప్పు పట్టడానికి లేదు. కానీ మన ఇళ్లల్లో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు నికా అయిన అమ్మకు 31, 32 వచ్చేసరికి పెద్ద కూతురికి ఎంత వయసుంటుంది? పదకొండు, పన్నెండు. అంటే రూలు ప్రకారం వెళ్లే అమ్మ సరిగ్గా కూతురు పెద్దమనిషి అయ్యే సమయానికే విమానం ఎక్కుతోంది. రెండేళ్ల కాంట్రాక్టు, మళ్లీ ఇంకో రెండేళ్లు. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల ఇంటర్‌లో ఉంటుంది.

సీరియల్ దగ్గరికి వద్దాం. 'బ్లాసమ్' 1990లో మొదట ఒకే ఎపిసోడ్‌గా వచ్చినప్పుడు ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నారు. సీరియల్ చేసేటప్పుడు అమ్మను తీసేశారు. అమ్మ ఉంటే అమ్మాయి ప్రశ్నలన్నీ వంటింట్లోనే తేలిపోతాయి. తండ్రి ఒక్కడే అయితే ప్రతి ప్రశ్నకూ ఆయన తడబడాలి, ప్రేక్షకుడు నవ్వాలి. 1987లో మొదలైన 'ఫుల్ హౌస్'దీ అదే పద్ధతి. తాగి బండి నడిపినవాడి వల్ల భార్యను పోగొట్టుకున్న డానీ, ముగ్గురు కూతుళ్లు. పిల్లలను పెంచడానికి బావమరిది ఒకడు, స్నేహితుడు ఒకడు వచ్చి ఆ ఇంట్లోనే మకాం పెడతారు. టీవీలో ఒంటరి తండ్రి నిజంగా ఒంటరిగా ఉండటం నేను చూడలేదు. నిక్ ఇంటికీ కొన్నాళ్లకు తాత వచ్చి చేరతాడు.

తెలుగులో ఇలాంటి కామెడీ నాకు కనిపించలేదు. 'అమృతం' ఎంత నవ్వించినా అది హోటల్ కథ. 'కార్తీక దీపం'లో హిమ తండ్రి దగ్గర పెరిగింది గానీ అది చిన్నపిల్ల, పైగా ఇంట్లో నాయనమ్మ సౌందర్య ఉంది. 2023 డిసెంబరులో వచ్చిన 'హాయ్ నాన్న'లో నాని ఒంటరి తండ్రే, కానీ కూతురికి ఆరేళ్లు. ఆరేళ్ల పాపకు జడ వేసే తండ్రిని చూసి అందరం కళ్లు తుడుచుకుంటాం. పదమూడేళ్ల అమ్మాయికి ప్యాడ్లు కొనే తండ్రిని మన తెర మీద ఇంకా ఎవరూ చూపించలేదు.

'బ్లాసమ్' మాత్రం ఆ పని మొదటి వారాల్లోనే చేసింది. ఒక ఎపిసోడ్ మొత్తం ఆ పిల్ల మొదటిసారి రుతుస్రావం కావడం గురించే. పక్కన అమ్మ లేదు. ఆ అమ్మాయి కలలో, అప్పటి పేరున్న 'కాస్బీ షో'లోని అమ్మ పాత్రే దిగి వస్తుంది. నవ్వొస్తుంది, గొంతులో ఏదో అడ్డం కూడా పడుతుంది. సొంత అమ్మ అందక టీవీ అమ్మను తలుచుకోవడం చిన్న బాధ కాదు.

మన ఇళ్లల్లో ఈ సమయంలో ఏమవుతుంది? ఖాలాకో, ఫుప్పూకో ఫోన్ వెళ్తుంది. వాళ్లు వచ్చి చూసుకుంటారు, అది మంచిదే. కానీ వాళ్లు వెళ్లాక ఆ ఇంట్లో మిగిలేది అబ్బానే. ఈ విషయం ఆయనకు తెలిసినా తెలియనట్టే ఉండాలని ఒక మర్యాద. కూతురు రంజాన్‌లో రోజా లేని రోజున కూడా అబ్బా ముందు ఉన్నట్టు నటిస్తుంది. ఇది దీన్ చెప్పిన హయా కాదని నా అభిప్రాయం. హైజ్ గురించి మదీనా అన్సారీ మహిళలు నేరుగా రసూలుల్లాహ్ (స) దగ్గరే అడిగి తెలుసుకున్నారు. దీన్ నేర్చుకోవడానికి వాళ్లకు సిగ్గు అడ్డం రాలేదని హజ్రత్ ఆయిషా (ర) మెచ్చుకున్నట్టు హదీసుల్లో ఉంది. హజ్రత్ ఖదీజా (ర) పోయాక తండ్రిని కనిపెట్టుకుని ఉన్న హజ్రత్ ఫాతిమా (ర)ను 'ఉమ్మె అబీహా', అంటే తన తండ్రికి అమ్మ లాంటిది అన్నారు. తండ్రీ కూతుళ్ల మధ్య దూరం పెంచడం మన సంప్రదాయం అనేవాళ్లు ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి.

అబ్బా పెద్ద ఉపన్యాసం ఇవ్వాల్సిన పనేం లేదు. సరుకుల చీటీలో బియ్యం, నూనె పక్కన ప్యాడ్లు కూడా రాస్తే చాలు. బీకాం చదివిన అలవాటు కొద్దీ ఒక మాట: వీటి మీద 12 శాతం ఉన్న జీఎస్టీని 2018 జులైలో పూర్తిగా తీసేశారు. మన రాష్ట్రంలో 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పథకం మొదలుపెట్టి ప్రభుత్వ బడులు, జూనియర్ కాలేజీల్లో 7 నుంచి 12 తరగతుల అమ్మాయిలకు నెలకు 10 న్యాప్‌కిన్లు ఇచ్చారు. మీ అమ్మాయి బడిలో ఇప్పుడు ఇస్తున్నారో లేదో టీచరమ్మను అడగండి. అడగాల్సింది అబ్బానే, సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు.

ఇక కాగితాల సంగతి. మన పథకాలు అమ్మ పేరు మీద నడుస్తాయి. ఏటా 15,000 రూపాయల 'అమ్మ ఒడి'ని 2020 జనవరి 9న మన చిత్తూరులోనే ప్రారంభించారు. 2025 జూన్‌లో 'తల్లికి వందనం' వచ్చింది, 13,000 తల్లి ఖాతాలో, 2,000 బడి నిర్వహణకు. తల్లి చనిపోయి ఉంటే తండ్రి లేదా సంరక్షకుడి ఖాతాకు వేస్తారు. తల్లి బతికే ఉండి దేశంలో లేకపోతేనే చిక్కు. ఖాతాకు ఆధార్ లింకు, దానికి ఇచ్చిన ఫోన్ నంబరు, ఈకేవైసీ, ఇవన్నీ ఆమె విమానం ఎక్కకముందే సరిచూసుకోవాలి. ఓటీపీ వచ్చే సిమ్ కువైట్‌లో మూలపడి ఉంటే ఇక్కడ సచివాలయంలో ఎంత బతిమాలినా లాభం ఉండదు.

తల్లి చనిపోయిన ఇళ్లల్లో ఇంకో గొడవ వస్తుంది, పిల్ల ఎవరి దగ్గర ఉండాలి? హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కూతురు బాలిగ్ అయ్యేదాకా హిజానత్, అంటే దగ్గరుంచుకుని పెంచే హక్కు, తల్లిది. ఆమె లేకపోతే నానీకి, ఆ తర్వాత దాదీకి, అక్కచెల్లెళ్లకు, ఖాలాకు పోతుంది. బాలిగ్ అయ్యాక తండ్రిది. పిల్ల ఎక్కడున్నా ఖర్చు మాత్రం మొదటి నుంచీ తండ్రిదే. కోర్టుకు వెళ్తే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జడ్జి ముందు చూసేది పిల్ల మేలు. తెలివి వచ్చిన వయసైతే పిల్ల ఇష్టాన్ని కూడా అడగొచ్చు. కాబట్టి నానీ ఇంటివాళ్లూ దాదీ ఇంటివాళ్లూ అరుచుకునే ముందు ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగితే కోర్టు దాకా పోయే పని తప్పుతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే. 'ఇంట్లో ఆడదిక్కు లేదు, కాలం బాగాలేదు' అని పదహారేళ్లకే సంబంధం చూసేస్తారు. తండ్రి చెడ్డవాడు కాదు, భయపడినవాడు. కానీ 2006 చట్టం ప్రకారం 18 నిండకముందు పెళ్లి బాల్యవివాహమే, జరిపించిన పెద్దల మీద కేసు అవుతుంది. ఆపమని ఆ అమ్మాయి తానే 1098కి ఫోన్ చేయొచ్చు. ఇంటిపని, తమ్ముళ్ల పని అంతా ఆ పిల్ల మీద పడి చదువు ఆగేలా ఉంటే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. 6 నుంచి ఇంటర్ దాకా అక్కడే ఉండి చదువుకోవచ్చు, ఫీజు లేదు.

బ్లాసమ్ ఒక సీజన్‌లో పారిస్ వెళ్లి అమ్మను చూసొచ్చింది. మన పిల్లలకు ఆ దారి లేదు, ఖాదిం వీసా మీద ఉన్నవాళ్లు కుటుంబాన్ని పిలిపించుకోలేరు. ఉన్నది ఫోన్ ఒక్కటే. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి 9కి పిల్ల చదువు ముగించేసరికి అక్కడ 6:30, యజమాని ఇంట్లో పని జోరుగా ఉండే వేళ. అమ్మకు తీరిక దొరికే 11కి ఇక్కడ 1:30. అందుకే చాలా ఇళ్లల్లో అమ్మ వాయిస్ మెసేజ్ పెడుతుంది, కూతురు ఫజర్‌కు లేచి వింటుంది. శుక్రవారం ఆమెకు సెలవు దొరికితే ఆ అరగంట ఫోన్ కూతురి చేతికిచ్చి అబ్బా కాసేపు బయటికి వెళ్తే బాగుంటుంది. డబ్బు ఎంత పంపావన్న లెక్క తర్వాత మాట్లాడుకోవచ్చు.