గడ్డను కరగించుటయా, లాగివేయుటయా?

మెదడునకు రక్తము గొనిపోవు పెద్ద ధమని యొకటి గడ్డచే మూసికొనినచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని శాస్త్రజ్ఞులు గణించిరి. అట్టి పక్షవాతమునకు ఒకనాడు వైద్యుడు చేయగలిగినది మిక్కిలి యల్పము. 1996లో అమెరికాయందు ఆమోదము పొందిన ఆల్టిప్లేస్ అను మందు గడ్డను కరగించి ఆ నిస్సహాయతను కొంత తొలగించెను. తొడమొదటి రక్తనాళమున కాథెటరను సన్నని గొట్టమును జొనిపి, మెదడుదాక నడపి, గడ్డను పట్టి వెలికిలాగు విద్య 2015 నాటి పరీక్షలతో స్థిరపడెను. అంతకు రెండేండ్ల ముందు వెలువడిన మూడు పరీక్షలలో ఈ విద్యయే నెగ్గలేకపోయినది. పరికరములు మెరుగుపడి, రోగుల నెన్నుకొను పద్ధతి నిశితమైన పిదపగాని దాని బలము బయటపడలేదు.

అంతట మఱియొక ప్రశ్న పుట్టినది. గడ్డను నేరుగా లాగివేయగల యాసుపత్రిలో కరగించు మందుతో పని యేమి? ఆ మందు మెదడున రక్తస్రావమును కలిగింపవచ్చును. అయినను కాథెటరు చేరలేని సూక్ష్మనాళములలో చిక్కిన తునుకలను కరగింపగలిగినదియు నా మందే. ఇట్టి సందిగ్ధమును ఎంత గొప్ప వైద్యుని యనుభవమైనను తీర్పజాలదు. రోగులను పక్షపాతము లేక రెండు వర్గములుగా విభజించి, తొంబది దినములకు ఎవరు తమ పనులు తాము చేసికొనగలుగుచున్నారో చూడవలసినదే.

చైనాలోని 41 ఆసుపత్రులలో 656 మందిపై జరిగి 2020లో వెలువడిన డైరెక్ట్-ఎం.టి. పరీక్షలో, కాథెటరు చికిత్స మాత్రమే పొందినవారు, రెండును పొందినవారికంటె, ముందుగా నిర్ణయించుకొన్న హద్దును మించి వెనుకబడలేదు. మందనవసరమని కొందఱు తలచిరి. కాని ఇట్టి ఆరు పరీక్షలలోని 2,313 మంది వివరములను కలిపి చూచిన 2023 నాటి విశ్లేషణము, మందు మానిన నష్టములేదని తేల్చలేకపోయినది.

ఆల్టిప్లేసును గంటసేపు ఎక్కింపవలెను. పెద్ద యాసుపత్రిలో ఆ గంట ముగియకమునుపే కాథెటరు లోనికి పోవచ్చును. గడ్డను కరగించు మఱియొక మందై, ఒక్క సూదితో ముగియు టెనెక్టిప్లేస్ సంగతి వేఱు. చైనాయందే 550 మందిపై జరిగి 2025లో ప్రకటితమైన బ్రిడ్జ్-టి.ఎన్.కె. పరీక్షలో ఈ సూది పిదప కాథెటరు చికిత్స పొందినవారిలో 52.9 శాతము స్వతంత్రముగా మెలగగలిగిరి. సూది లేనివారిలో 44.1 శాతమే. లక్షణములు పొడసూపిన మెదడు రక్తస్రావము వరుసగా 8.5, 6.7 శాతములు. ఆ కొద్దిపాటి యపాయమును తలచియు, తగిన రోగికి మందు మానుట సరికాదనియే నా నిశ్చయము. కాథెటరు చికిత్స గల నగరము గంటల దూరముననున్న మన పల్లెవారికి, దగ్గరి యాసుపత్రిలో పడు ఆ సూదియే తొలి రక్ష.

మూతి వంకరపోయినను, చేయి వ్రాలినను, మాట తడబడినను పసరు వైద్యమునకై కాలము పోనీయకుడు. నోట మాత్ర వేయకుడు, నీరు పోయకుడు. 108కి ఫోను చేసి, రోగి చివరిసారి బాగుగా నుండిన వేళను వైద్యునకు చెప్పుడు. సూది మందునకు సామాన్యముగా గల గడువు ఆ వేళనుండి నాలుగున్నర గంటలే.