గీత గీస్తే బల్బు వెలిగే పెన్ను

కాగితం మీద రెండు గీతలు గీసి, ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన చిన్న ఎల్‌ఈడీ పెడితే బల్బు వెలుగుతుంది. వైరు లేదు, సోల్డరింగ్ లేదు. అలాంటి పెన్నులున్నాయని మీకు తెలుసా?

ఆ సిరాలో ఉండేది వెండి. లోహాలన్నిటిలోకీ కరెంటు అతి తేలిగ్గా పారేది వెండిలోనే. రాగి దాని తర్వాతిదే, చవక కూడా. కానీ సన్నటి పొడి చేస్తే రాగికి గాలి తగిలి ఆక్సైడ్ పొర పడుతుంది, అది కరెంటును అడ్డుకుంటుంది.

అసలు చిక్కు వెండితో కాదు, పెన్నుతో. తడిగా ఉన్నంతసేపూ వెండి రేణువులు విడివిడిగా ఉండాలి, లేకపోతే పాళీ మూసుకుపోతుంది. ఆరిపోగానే అవే రేణువులు ఒకదానికొకటి ఆనుకోవాలి, లేకపోతే కరెంటు పారదు. ఈ రెండింటినీ ఒకే సిరాలో కుదర్చడంలోనే శాస్త్రవేత్తల ప్రతిభ కనబడుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ లూయిస్ బృందం అతి సూక్ష్మమైన వెండి రేణువులకు సెల్యులోజ్ నుంచి తయారైన చిక్కదనాన్నిచ్చే పదార్థం కలిపి, మామూలు రోలర్‌బాల్ పెన్నులో నింపింది. 2011లో ఆ ఫలితాలు ప్రచురించారు.

ఆ పెన్ను సత్తా చూపడానికి వాళ్లు ఎంచుకున్న బొమ్మ నాకెంతో నచ్చింది. కొరియా పండితుడు కిమ్ జోంగ్ హీ 1844లో ప్రవాసశిక్షలో ఉండగా వేసిన ‘సేహాన్‌డో’ అది: చలికాలం, ఒక చిన్న ఇల్లు, నాలుగు చెట్లు. దాని నకలును వెండి సిరాతో గీసి, ఇంటి కప్పు మీద ఎల్‌ఈడీ అమర్చారు. బొమ్మలోని గీతలే దానికి వైర్లు. ఆ పరిశోధకుల్లో కొందరే 2013లో ‘సర్క్యూట్ స్క్రైబ్’ అనే పెన్నును, కొత్త వస్తువులకు ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే కిక్‌స్టార్టర్ వేదికలో జనం ముందుకు తెచ్చారు.

గీత సన్నగా, పొడుగ్గా ఉంటే నిరోధం పెరిగి వెలుగు తగ్గుతుంది. కాబట్టి లావుగా, తెగకుండా గీయాలి. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే కింది గీత మీద సెల్లోటేపు అతికించి, పై గీతను దాని మీదుగా పోనివ్వాలి. లేకపోతే షార్ట్ అవుతుంది.

కరెంటు పారే సిరా మన ఇళ్లకు కొత్తేమీ కాదు. షుగరు చూసుకునే స్ట్రిప్పుల్లో చాలావాటి మీద ఉండే నల్లటి గీతలు కార్బన్ సిరాతో అచ్చువేసినవే. సోలార్ పలకల మీది సన్నటి గీతలు ఎక్కువగా వెండి ముద్దతో వేసినవి.

వెండి పెన్ను దొరక్కపోతే 6బి పెన్సిల్ ఉందిగా! అందులోని గ్రాఫైట్‌లోనూ కరెంటు పారుతుంది. రెండు పొట్టి పట్టీలను ఒకదానికొకటి తగలకుండా దట్టంగా రుద్ది, 9 వోల్టుల బ్యాటరీతో ప్రయత్నించండి. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపుండాలి. వెలుగు మసగ్గానే ఉంటుంది, కానీ పిల్లలకు చూపించి తీరాలి. గోడ ప్లగ్గు జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.