కత్తి ఎన్ని ముఖాలు దాటింది?

మా అమ్మాయి ఏడో తరగతి. ఇక్కడ అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ ఏడాదే లెక్కల్లో క్రాస్ సెక్షన్లు వస్తాయి. మన తెలుగు పుస్తకాల్లో మధ్యచ్ఛేదం అనేవాళ్లం. అంటే ఒక వస్తువుని తిన్నగా కోస్తే, కోసినచోట కనిపించే ఆకారం.

ఆ రోజు హోంవర్కులో ప్రశ్న ఇది: అడుగు చతురస్రంగా ఉన్న పిరమిడ్‌ని, అడుగు అంచుకి సమాంతరంగా, నిలువుగా, కానీ కొన మీదుగా కాకుండా కోస్తే ఏ ఆకారం వస్తుంది? త్రిభుజం అని రాసింది. తప్పని వచ్చింది. చెరిపి చెరిపి కాగితం చిరిగింది. "నాకు మాథ్స్ రాదమ్మా, వదిలెయ్" అంది. నాకు గుండె గుభేలుమంది. చిన్నప్పుడు నేనూ ఆ మాటే అని లెక్కలు వదిలేశాను మరి!

వంటింట్లోకి తీసుకెళ్లాను. ముందు కీరా దోసకాయ. అడ్డంగా కోస్తే వృత్తం, ఏటవాలుగా కోస్తే కోలగా దీర్ఘవృత్తం. రెండు చివర్లూ తీసేసి నిలువుగా చీలిస్తే దాదాపు దీర్ఘచతురస్రం. కాయ ఒకటే, కోత మారితే ఆకారం మారింది.

తర్వాత బంగాళాదుంపని పిరమిడ్‌లా చెక్కాను. కొన మీదుగా నిలువుగా కోస్తే త్రిభుజమే. ఇంకోటి చెక్కి, కొనకి కాస్త పక్కగా కోశాను. పైన మొన లేదు, చిన్న గీత ఉంది! సమలంబ చతుర్భుజం. ఎందుకలా? కత్తి దాటిన ముఖాలు లెక్కపెట్టమన్నాను. అడుగు ఒకటి, ఎడమ, కుడి, ముందుది. నాలుగు ముఖాలు, నాలుగు భుజాలు. చదునైన ముఖాలున్న ఈ ఆకారాలకి ఇదే కిటుకు: కత్తి దాటిన ఒక్కో ముఖం ఒక్కో భుజాన్నిస్తుంది. గుండ్రటివాటికి మాత్రం ఇది పనికిరాదు.

చివరికి ఫ్రిజ్‌లోంచి గట్టి పనీర్ తీసి ఘనంలా కోశాను. ఒక మూల చెక్కేస్తే త్రిభుజం. ఇంకో ఘనంలో ఎదురెదురు మూలలు రెండు ఎంచుకున్నాం. వాటిని తాకని అంచులు ఆరు మిగులుతాయి. వాటి మధ్యబిందువుల దగ్గర టూత్‌పిక్‌తో గుర్తు పెట్టి, ఆ ఆరింటి మీదుగా కోశాను. చక్కటి షడ్భుజి!

"ఏడు భుజాలు కూడా వస్తాయా అమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోపే తనే, "రావు, ఉన్నవి ఆరు ముఖాలేగా" అంది.

మీ ఇంట్లోనూ చేసి చూడండి. కత్తి మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.