గోడ పగలగొట్టే ముందు

వేసవి సెలవులకు ఊరెళ్లి రెండు వారాల తర్వాత ఇంటి తాళం తీస్తాం. బాత్‌రూమ్ తలుపు తెరవగానే గుప్పున మురుగు వాసన కొడుతుంది. పైపు ఎక్కడో పగిలిందని కంగారుపడి ప్లంబర్‌కు ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. నిజానికి అక్కడ పగిలిందేమీ లేదు, ఎండిపోయింది అంతే. నేల మీది జాలీ కింద నహానీ ట్రాప్ ఉంటుంది. మనం పోసిన నీళ్లన్నీ వెళ్లిపోయినా అందులో సుమారు 50 మిల్లీమీటర్ల లోతు నీళ్లు నిలిచే ఉంటాయి. డ్రైనేజీలోని వాయువులు ఇంట్లోకి రాకుండా అడ్డుపడేది ఆ కాసిని నీళ్లే. ఈ ఉపాయం పాతదే. అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు 1775లో ఎస్ ఆకారపు వంపు పైపుకు పేటెంట్ పొందాడు. సింకు కింద, కమోడ్ లోపల కనిపించే వంపులు చేసే పనీ అదే. ఎవరూ వాడని గదిలో ఆ నీళ్లు ఆవిరైపోతే వాసనకు దారి దొరుకుతుంది. రెండు చెంబుల నీళ్లు పోస్తే అదే పోతుంది. నీళ్లు పోశాక కూడా వాసన తగ్గకపోతే అప్పుడు ప్లంబర్‌ను పిలవాలి.

ఒక్క సింకులోనే నీళ్లు నెమ్మదిగా దిగుతుంటే అడ్డు దాని కిందే ఉన్నట్టు. కింద బకెట్ పెట్టి, సింకు పైపుకు ఉన్న సీసాలాంటి బాటిల్ ట్రాప్‌ను చేత్తో తిప్పి ఊడదీస్తే జిడ్డు, అన్నం మెతుకులు బయటపడతాయి. అదే బాత్‌రూమ్, వంటగది అన్నీ ఒకేసారి మొరాయిస్తే, లేదా వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడు బాత్‌రూమ్ నేలలో గుడగుడమంటే, అడ్డు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పెద్ద లైన్లో ఉందన్నమాట. అది మనవల్ల అయ్యే పని కాదు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. అడ్డు పోవాలని యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకదాని వెంట ఒకటి పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణాంతకం.

షవర్ సన్నగా వస్తోందని పెద్ద ట్యాంకు కొనిపెట్టేవాళ్లున్నారు. ఆ డబ్బు వృథా. నీటి ఒత్తిడి ట్యాంకు ఎంత పెద్దదన్న దాని మీద ఆధారపడదు, అందులోని నీటిమట్టం ఎంత ఎత్తున ఉందన్నదే లెక్క. 10 మీటర్ల ఎత్తుంటే దాదాపు ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి వస్తుంది. పై అంతస్తు షవర్‌కు, డాబా మీది ట్యాంకుకు మధ్య 2 మీటర్లే ఉంటే అందులో అయిదో వంతే. అయితే మొదట బాగా వచ్చి, క్రమంగా తగ్గిందంటే కారణం వేరు. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం లవణాలు షవర్ రంధ్రాల్లో తెల్లటి పొరలా పేరుకుంటాయి. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని, వేరే నీళ్లు లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. చాలా బోర్లలో ఈ కాఠిన్యం ఎక్కువే. షవర్ తలను విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే ఆ పొర కరిగిపోతుంది.

ఇదే పొర గీజర్ కాయిల్ మీద కూడా పేరుకుంటుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ మరింత వేగంగా పేరుకుని, వేడిని నీటికి చేరనివ్వదు. కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి కాయిల్ మాడిపోతుంది. గీజర్ సేఫ్టీ వాల్వ్ నుంచి, నీళ్లు కాగుతున్నప్పుడు నాలుగు చుక్కలు రాలితే భయపడక్కర్లేదు. 25 డిగ్రీల నీళ్లు 60 డిగ్రీలకు చేరితే దాదాపు 1.4 శాతం వ్యాకోచిస్తాయి. 25 లీటర్ల గీజర్‌లో అది మూడు వందల మిల్లీలీటర్ల పైమాటే. ఆ పెరిగిన నీరు బయటికి పోవాలి కదా! కారుతోందని ఆ వాల్వ్‌ను ఎప్పుడూ మూసేయకండి. స్విచ్ ఆపాక కూడా ధారగా వస్తుంటే ప్లంబర్‌ను పిలవండి. కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటే మాత్రం మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇక అన్నిటికన్నా ఖరీదైన తప్పు గోడకు చెమ్మ వచ్చినప్పుడు జరుగుతుంది. చెమ్మ కనిపించిన చోటే లీకు ఉందనుకుని టైల్స్ పగలగొడతారు. నీళ్లు సందు దొరికినంత దూరం పాకిపోతాయి, లీకు ఒకచోట, మరక ఇంకోచోట. అందుకే ముందు ట్యాంకును అడగండి. రాత్రి పడుకునే ముందు మోటార్ ఆపి, మునిసిపల్ నీళ్లు వచ్చే పైపు వాల్వ్ కట్టేసి, ఇంట్లోని కుళాయిలన్నీ బిగించి, ట్యాంకు లోపల నీటిమట్టం దగ్గర గీత పెట్టండి. ఎవరూ నీళ్లు వాడకూడదు. తెల్లారి మట్టం తగ్గకపోతే నీళ్లు తెచ్చే పైపులు దాదాపు బాగున్నట్టే. చెమ్మకు కారణం నీళ్లు పోయే పైపో, బాత్‌రూమ్ నేలో, వాననీరో అయి ఉంటుంది. మట్టం తగ్గితే మర్నాటి రాత్రి ఫ్లష్ ట్యాంకులకు నీళ్లిచ్చే చిన్న వాల్వులు (యాంగిల్ కాక్‌లు) కూడా కట్టేసి మళ్లీ చూడండి. ఈసారి తగ్గకపోతే దొంగ ఫ్లష్ ట్యాంకే, గోడకు సంబంధం లేదు. అప్పుడూ తగ్గితే లీకు గోడలో దాగిన పైపులో ఉందన్నమాట, ప్లంబర్ తప్పదు. ఈ రెండు రాత్రుల సమాచారం చేతిలో పెడితే అనుభవమున్న ప్లంబర్ ఎక్కడ పగలగొట్టాలో చాలా వరకు తేల్చేస్తాడు.

కారే కుళాయిని మనం లెక్కచేయం. సెకనుకు ఒక చుక్క రాలితే రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా రోజుకు నాలుగు లీటర్ల పైన, నెలకు దాదాపు 130 లీటర్లు. పాత మరల కుళాయిలో అరిగిపోయేది లోపలి రబ్బరు వాషర్. కారుతోందని ఇంకా గట్టిగా బిగిస్తే ఆ వాషర్ నలిగిపోతుంది. తర్వాత అది కూర్చునే ఇత్తడి అంచు కూడా దెబ్బతింటుంది. వాషర్ మార్చడం ఎవరైనా చేసుకోగల పని, నీళ్లు కట్టేసే వాల్వ్ ఎక్కడుందో తెలిస్తే.

ఆ వాల్వ్ ఎక్కడుందో చాలామందికి తెలియదు. తెలిసినా ఏళ్లుగా తిప్పకపోతే బిగుసుకుపోయి, పైపు పగిలిన రోజున కదలదు. ఈ ఆదివారం మీ ఇంటి మెయిన్ వాల్వ్‌ను వెతికి, ఒకసారి పూర్తిగా మూసి తెరవండి. కదలకపోతే ప్లంబర్‌ను పిలిపించి ఇప్పుడే మార్పించండి. ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి.