దస్తర్‌ఖాన్‌పై పూలు

ఒకసారి వికారాబాద్‌లో విందుకు వెళ్ళాను. దస్తర్‌ఖాన్ నడుమ ఎత్తైన పూలకుండీ నిలిపారు. దాని చాటున కూర్చున్న వృద్ధుని పళ్ళెం ఖాళీ అయిన సంగతి వడ్డించేవారికి చాలాసేపటి వరకు తెలియలేదు. ఆయన నోరు తెరిచి అడగలేదు. అతిథిని మరుగుపరిచే అలంకారం ఆతిథ్యం ఎలా అవుతుంది?

పూలను ధర్మం కాదనలేదు. ఎవరైనా సుగంధ మొక్కను ఇస్తే తిరస్కరించవద్దన్న దైవప్రవక్త (స) బోధ సహీహ్ ముస్లింలో ఉంది. కావలసినది మితం.

వికారాబాద్ పరిసర పొలాల్లో పండే చామంతులు గుప్పెడు చాలు. కాడలను పొట్టిగా, ఏటవాలుగా కోయండి. నీట మునిగే ఆకులను తుంచివేయండి. వెడల్పాటి గిన్నెలో నీరు పోసి అమర్చండి. తాండూరు నాపరాళ్ళ నేలపై కూర్చుని భుజించే ఇళ్ళలో పూల ఎత్తు జానెడు మించరాదు. ఘాటైన మల్లెలు వంటకాల సువాసనను కప్పివేస్తాయి. వాటిని దూరంగా ఉంచండి. బజారు పూలపై పురుగుమందు ఉండవచ్చు గనుక రేకులను అన్నంపై చల్లకండి.

విందు ముగిశాక, వాడిపోకముందే ఆ పూలను పొరుగింటికి పంపండి. అప్పుడవి వృథా కావు, కానుక అవుతాయి.