ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, ఎడమ మోకాలి కింద కాలిన మచ్చ

వయసు 22. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ఎడమ మోకాలి కింద కాలిన మచ్చ. ఆ తర్వాత తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు. 1908లో మద్రాసు రేవులో ఫిజీ ఓడెక్కిన ఒక కుర్రాడి గురించి ఎవరో గుమస్తా ఇంగ్లిష్‌లో నింపిన ఎమిగ్రేషన్ పాస్ ఇది. దీన్ని నాకు వాట్సాప్‌లో పంపింది మా టీమ్‌లో పనిచేసే బ్రిస్బేన్ అమ్మాయి. ఆ కుర్రాడు వాళ్ల తాతకి తాత. 'మీది మదనపల్లె కదా, ఈ ఊరెక్కడో కనుక్కోగలవా? తాతకి 87 ఏళ్లు' అని కింద రాసింది.

మ్యాప్స్‌లో కొడితే మా చుట్టుపక్కలే అదే పేరుతో మూడు ఊళ్లు తేలాయి. ఒకటి మదనపల్లె వైపు, ఒకటి పుంగనూరు వైపు, ఇంకోటి కుప్పం వైపు. ఏ ఊరో చెప్పాల్సిన తాణా గడిలో సిరా అలికిపోయింది.

ఫిజీ సంగతి మనలో చాలామందికి తెలీదు కాబట్టి కాస్త చెప్పాలి. 1879 నుంచి 1916 దాకా అయిదేళ్ల ఒప్పందం మీద దాదాపు 61 వేల మంది భారతీయుల్ని అక్కడి చెరకు తోటలకు తీసుకెళ్లారు. అగ్రిమెంట్ అన్న మాట నోరు తిరగక 'గిర్మిట్' అయింది. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి, వాటిలో మన ఉత్తర ఆర్కాటు వాళ్లు బాగా ఎక్కువ. వీళ్లలో ఎక్కువమందిని పనిలో పెట్టుకున్నది సిడ్నీకి చెందిన సీఎస్‌ఆర్ అనే చక్కెర కంపెనీ. అప్పటికే ఆస్ట్రేలియాలో తెల్లవాళ్లు కానివాళ్లను రానివ్వకుండా 1901 చట్టం ఉంది. అంటే సిడ్నీ కంపెనీకి చెరకు నరకొచ్చు, సిడ్నీలో మాత్రం కాలు పెట్టకూడదు. 1987లో ఫిజీలో వరసగా రెండు సైనిక కుట్రలు జరిగాక వేలమంది భారతీయ సంతతి వాళ్లు దేశం వదిలారు. మా కొలీగ్ కుటుంబం ఆ మరుసటేడు బ్రిస్బేన్ చేరింది.

అక్కడ కుటుంబ చరిత్ర వెతకడం చాలామందికి హాబీ. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకి పంపిన 1,62,000 మంది ఖైదీల ఎత్తు, కళ్ల రంగు, పచ్చబొట్లు కూడా రిజిస్టర్లలో రాసిపెట్టారు. పాత పేపర్లెన్నో ట్రోవ్ అనే ప్రభుత్వ సైట్లో ఫ్రీగా చదువుకోవచ్చు. ఆ లెక్కన గొర్రె దొంగిలించి ఓడెక్కినవాడి మునిమనవడికి ముత్తాత కంటి రంగు తెలుసు. ఇక్కడే నాకు ఒకటి గుచ్చుకుంది. ఆ ఫిజీ కుర్రాడి ఈడు వాడే మా ముత్తాత. ఊరు కదల్లేదు, ఎవరి దగ్గరా ఒప్పందం రాయలేదు. ఆయన పొడుగో పొట్టో చెప్పే కాగితం ఒక్కటీ మా ఇంట్లో లేదు. కూలీని కొనుక్కున్నవాడికి సరుకు గుర్తుపట్టడానికి కొలతలు కావాలి, అందుకే రాశాడు. ఇంటిపట్టున ఉన్నవాణ్ని ఎవరు కొలుస్తారు?

సరే, మూడు ఊళ్ల దగ్గరికొద్దాం. పాస్ మీద జిల్లా 'నార్త్ ఆర్కాట్' అని స్పష్టంగా ఉంది. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది కాబట్టి మా వైపు ఊరు లిస్టులోంచి పోయింది. (2022లో మదనపల్లెని అన్నమయ్య జిల్లాలో కలిపారు. ఇంకో వందేళ్లకు ఎవరైనా మన ఆధార్ పట్టుకుని వెతికితే వాళ్ల తిప్పలు తలుచుకోండి.)

మిగిలిన రెండూ జమీ ఊళ్లే. కుప్పం వైపుది కంగుంది జమీ, ఇంకోటి పుంగనూరు జమీ. అక్కడే చిక్కొచ్చింది. సర్కారు ఊళ్లలో రైతు పేరు ప్రభుత్వ లెక్కల్లో దొరికే అవకాశం ఉంది. జమీల్లో లెక్కలు జమీందారు కచేరీవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే ఆ ఊళ్లు సర్కారు చేతికొచ్చాయి. భూమి లేని కూలీ అయితే ఏ లెక్కలోనూ ఉండడు. పైగా మన దగ్గర కాగితం నిలవడం కూడా అదృష్టమే. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయిన వార్త మీరూ చూసుంటారు.

దాంతో నేను అడగడం మొదలుపెట్టా. మీ ఇంట్లో తెలుగు మాటలు ఏమైనా మిగిలాయా అన్నా. వాళ్ల తాత మాట్లాడేది ఫిజీ హిందీ. అయినా తలనొప్పి వచ్చినా, ఫ్లైట్ ఎక్కినా వాళ్ల నాయనమ్మ నేర్పిన ఒక మాట అనుకుంటాడట. వాయిస్ నోట్ పంపించారు. ముసలి గొంతులో 'సుక్టూరమ్మా, సుక్టూరమ్మా'. దానికి అర్థమేంటో వాళ్లింట్లో ఎవరికీ తెలీదు.

నాకు బస్సులో కూర్చునే నవ్వొచ్చింది. పుంగనూరు వైపు ఏ పిల్లాణ్నడిగినా చెబుతాడు, సుగుటూరు గంగమ్మ. జమీందారుల ప్యాలెస్‌లో కొలువుదీర్చి ఏటా జాతర చేసేది ఆ తల్లికే. కుప్పంలోనూ గంగమ్మ జాతర పెద్దదే, కానీ అక్కడ అమ్మ పేరు తిరుపతి గంగమ్మ. గుమస్తా సిరా అలికినా ఆ ముసలామె పేరు మర్చిపోలేదు.

'ఏమోళ్లు?'

మరుసటి శనివారం ఆ ఊరెళ్లా. పేరు రాయను, అక్కడి ఇంటివాళ్లు వద్దన్నారు. రచ్చబండ దగ్గర విషయం చెబితే మొదట వచ్చిన ప్రశ్న: 'ఏమోళ్లు?' పాస్ మీద కులం గడి ఉంది. కానీ మా కొలీగ్ ముందే చెప్పింది, 'మా వాళ్లు ఓడలోనే దాన్ని వదిలేశారు. అది లేకుండా వెతకలేవా?' అని. నిజంగానే ఓడలో అంతా ఒకే వంట తిన్నారు, పక్కపక్కనే పడుకున్నారు. వారాలపాటు అలా ప్రయాణం చేశాక పాత గీతలు చాలావరకు చెరిగిపోయాయి. వందేళ్ల క్రితం వాళ్లు సముద్రంలో వదిలేసినదాన్ని నేను మళ్లీ తీసుకొచ్చి ఊరి నడిబొడ్డున పెట్టాలి. లేదంటే ఏ వీధిలోకీ దారి చూపరు. ఆమెకు ఫోన్ చేశా. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి 'తాత కోసం చెప్పు, కానీ నాకు మాత్రం చెప్పొద్దు' అంది. చెప్పా. నిమిషంలో ఇల్లు చూపించారు. ఆ వేగం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

ఆ ఇంట్లో అవ్వకి 90కి దగ్గరుంటాయి. వాళ్ల అత్త చెప్పేదట, 'మా ఆయనకు చిన్నాయన ఒకడు కోలారు బంగారు గనులకు పోతానని పోయినాడు, మళ్లా రాలే. గనిలోనే పడి చచ్చినాడనుకొని కర్మ చేసేసిరి' అని. తండ్రి పేరు పాస్ మీద ఉన్నదానితో సరిపోయింది. కానీ ఆ పేరు ఆ ఊళ్లో ఇంటికొకరికి ఉంటుంది. కాలిన మచ్చ గురించి అవ్వకి తెలీదు. కాబట్టి కచ్చితంగా వీళ్లే అని నేను రాయలేను.

ఇంతలో అవ్వ మనవడు నన్ను పక్కకి పిలిచాడు. 'అన్నా, వాళ్లు భాగానికేమైనా వస్తారా?' వీళ్లకున్నది ఎకరం చిల్లర, బోరు ఎండిపోయింది. అడగడంలో తప్పేముంది? ఆ మాట బ్రిస్బేన్‌కి పంపితే ఒక్క సెంటు కూడా అడగమని రాసి వాళ్లంతా సంతకాలు పెట్టిన కాగితం ఫొటో వచ్చింది. డీఎన్‌ఏ టెస్టు కిట్ పంపుతామన్నారు గానీ మనవడు ఇంకా ఒప్పుకోలేదు.

నేను ఫోన్లో వంశవృక్షం గీసుకుంటుంటే అవ్వ వేళ్ల మీద లెక్కేసింది. 'మా ఆయనకు తాతా, వాని తాతా అన్నదమ్ములు. అట్లయితే వాడు నాకు మరిది.' నా బొమ్మ పూర్తయ్యాక చూస్తే సరిగ్గా అంతే.

వీడియో కాల్ కలిపా. అక్కడ మనకంటే నాలుగున్నర గంటలు ముందు, రాత్రి భోజనాల వేళ. ఆయనకి తెలుగు రాదు, అవ్వకి హిందీ రాదు. అవ్వ ఫోన్‌ని ముక్కుకి ఆనించినంత దగ్గరగా పట్టుకుని 'బువ్వ తిన్న్యావా?' అంది. ఆయన పక్కనున్న మనవరాలి వైపు చూడలేదు. 'బువ్వ.. బువ్వ' అని చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. సిగ్నల్ పోయింది, మళ్లీ కలిపాం.

వచ్చే జాతరకి రావాలని ఆయన పట్టుదల. టికెట్లు ఇంకా బుక్ కాలేదు, గుండె డాక్టర్ సరేననాలట. ఈలోగా అవ్వ రెండు పనులు చెప్పింది. ఆయన ఫొటో ఫోన్లో కాదు, కడిగించి ఫ్రేము కట్టి తేవాలి. ఎడమ కాలు కనపడేట్టు ఉండాలి.