మధుకేశ్వరుని ఊరిలో ఒక శరద్దినం

శరత్కాలం రాగానే ఐరోపావారు రైన్ నదీతీరమందలి రూడెస్‌హైం వంటి పట్టణాలకు ఒకనాటి విహారానికై తరలిపోతారు. అది ద్రాక్షకోతల కాలం. కొండవాలు తోటలు, కొత్త మధువు, ఏటి గాలి వారిని ఆకర్షిస్తాయి. మన ఉత్తరాంధ్రమందును ఏటి ఒడ్డున అటువంటి ఊరొకటి ఉన్నది. అచ్చటి దేవుని పేరే మధుకేశ్వరుడు. మధుకమనగా ఇప్పచెట్టు.

పాతపట్నంలో ఉదయాన బయలుదేరిన వారికి శ్రీముఖలింగం ఒక్కపూట ప్రయాణం. మహేంద్రగిరులలో పుట్టిన మహేంద్రతనయ ఈ ప్రాంతం మీదుగా పారి, గొట్టా ఆనకట్ట సమీపాన వంశధారలో కలుస్తుంది. హిరమండలం మీదుగా పోయే దారి కూడ ఆ యేటి వెంటనే నడుస్తుంది. వానలు వెనుకపట్టి నీరు తేటపడుతుంది. ఇసుకతిన్నెలపై రెల్లు పూస్తుంది. వరిచేలు పొట్టకు వస్తాయి. శరత్తుకు ఇంతకన్న వేరే అలంకారమేల?

వంశధార ఎడమగట్టున మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలున్నవి. సోమేశ్వరాలయానికి ముఖమండపం లేదు. విమాన మొక్కటే ఆకసాన నిలిచి ఉంటుంది. మధుకేశ్వరుని ద్వారబంధాలపై చెక్కిన లతలను తీరికగా చూడవలెను. శబరనాయకుడు ఇప్పచెట్టును నరుకబోగా అందులో శివుని ముఖం కానవచ్చినదని స్థలపురాణం.

ఇప్పపూలు రాలేది వసంతంలో. గిరిజనులు వాటిని తెల్లవారుజామున ఏరి, ఎండబెట్టి, తింటారు, సారాయి కాస్తారు, గింజల నుండి నూనె తీస్తారు. శరత్తులో వచ్చిన యాత్రికునికి ఆ పూవు కనబడదు. దేవుని పేరులో మాత్రమే వినబడుతుంది.

ఇక్కడి రాళ్లకును ఒక గొంతున్నది. ఆలయకుడ్యాలపై శాసనాలెన్నో కలవు. సమీపాన ఉన్న పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి, ప్రాచీనలిపులను స్వయంకృషితో నేర్చి వీనిని చదివినారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించినారు. 1078లో పట్టాభిషిక్తుడై, పురీ జగన్నాథాలయ నిర్మాణాన్ని ఆరంభించిన అనంతవర్మ చోడగంగదేవుడు ఆ వంశంవాడే.

అయితే శాసనాలలో పలికేవారు రాజులు, దాతలు. చెట్టులో దేవుని తొలుత చూచిన శబరుల మాట పురాణకథలో మాత్రమే మిగిలినది. గిడుగువారి గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. రాతిపై అక్షరాలు చదివిన ఆయనే, లిపిలేని సవరల నోటి మాటను కూడ అంతే శ్రద్ధతో విన్నారు. ఆ భాష నేర్చి, సవర పిల్లలకు వాచకాలు వ్రాసినారు. 1931లో సవరభాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి.

1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరినది. పొరుగుననే ఉన్న పాతపట్నం ఇవతల నిలిచినది. వృద్ధుడైన గిడుగువారు పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరం చేరినారు. గీతలు గీయువారికి భాషలు ఎక్కడ ఆగుతాయో తెలియదు; ముఖలింగంలో మాత్రం శాసనమును, సవర కథయును ఒకే గుడిలో ఉన్నవి.

విద్యార్థులను ఇచ్చటికి తీసుకొనివచ్చే ఉపాధ్యాయులు వారిచేత రెండు పనులు చేయించవలెను: గోడపై ఒక అక్షరాన్ని పోల్చుకొమ్మనవలెను, ఊరి వృద్ధులనడిగి ఇప్పచెట్టు కథను వినుమనవలెను. చదివినది చరిత్ర అయితే, విన్నది దాని వేరు.